విటమిన్‌కూ కొలత ఉంది



షుగరు, బీపీ, కిడ్నీ జబ్బులతో ఏళ్ల తరబడి మందులు వాడే పేదలు మన గడివేముల చుట్టుపక్కల పల్లెల్లో ఎందరో ఉన్నారు. వారికి మందులతో పాటు బలానికని విటమిన్ బిళ్లలు కూడా ఇద్దామని చాలామంది దాతలు అడుగుతుంటారు. ఆ మనసు మంచిదే. కానీ దీర్ఘరోగికి విటమిన్ కూడా మందే. దానికీ కొలత ఉంది.

విటమిన్ డి సంగతే చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకారం పెద్దలకు రోజుకు 600 యూనిట్లు చాలు, 4,000 దాటరాదు. మందుల షాపులో దొరికే పొడి పొట్లంలో 60,000 యూనిట్లు ఉంటాయి. అంటే అది 100 రోజుల అవసరం! లోపం ఉందని తేలినవారికి డాక్టర్లు దాన్ని వారానికి ఒకటి చొప్పున, కొన్ని వారాలే రాస్తారు. వారానికొకటి అన్నది మరచి రోజూ తాగితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. అతి దాహం, వాంతులు, మలబద్ధకం మొదలై కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవారిలో బి12 తగ్గవచ్చు. పాదాల తిమ్మిరి, మంట కేవలం షుగరువల్లనే అనుకోకుండా రక్తపరీక్ష చేయించాలి. అలాగని తిమ్మిరి తగ్గాలని బి6 ఎక్కువగా ఉన్న బిళ్లలు నెలల తరబడి మింగితే, ఆ బిళ్లలే నరాలను దెబ్బతీసి తిమ్మిరి తెస్తాయి.

కిడ్నీ రోగుల ఒంట్లో విటమిన్ ఏ పేరుకుపోతుంది. విటమిన్ సి మోతాదు మించితే ఆక్సలేటుగా మారి కిడ్నీలకు చేటు. గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్ వాడేవారు విటమిన్ కె ఉన్న బిళ్లలు సొంతంగా మొదలుపెడితే ఆ మందు పని తగ్గి రక్తం గడ్డకట్టవచ్చు. థైరాయిడ్ బిళ్లకూ కాల్షియం, ఐరన్ బిళ్లలకూ 4 గంటల ఎడం ఉండాలి.

అందుకే మా మనవి ఒక్కటే. అందరికీ ఒకే రకం డబ్బా కొనిచ్చే సొమ్ముతో కొందరికైనా బి12, విటమిన్ డి, క్రియాటినిన్ పరీక్షలు చేయిద్దాం. రోగి వాడే బిళ్లలన్నీ, నాటు మందులతో సహా, ఒకే సంచిలో డాక్టరుకు చూపించమని చెబుదాం. లోపం తేలినవారికి, డాక్టరు రాసినంత మోతాదులో, రాసినన్ని రోజులకే కొనిద్దాం. పొట్లం మీద "వారానికి ఒకటి" అని తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి ఇద్దాం.

మీరిచ్చే ప్రతి రూపాయీ మా చేతిలో అమానత్. అది రోగికి మేలుగానే చేరాలి, ఇన్షా అల్లాహ్.