గాయపడిన రన్నర్‌కు బదులు మరొకరు

ప్రశ్న: సాఫ్ట్‌బాల్‌లో హోమ్ రన్ కొట్టిన అమ్మాయి దారిలో గాయపడి కదలలేకపోతే, బదులు రన్నర్‌ను పంపవచ్చా?

జవాబు: పంపవచ్చు, హోమ్ రన్ చెల్లుతుంది కూడా. అంపైర్ ముందుగా తేల్చుకోవాల్సింది బంతి ఆటలో ఉందా లేదా అన్నది. కంచె దాటిన బంతితో ఆట ఆగిపోతుంది; నాలుగు బేస్‌లూ ఆమెకు దక్కినట్టే. 2008 ఏప్రిల్ 26న అమెరికాలోని ఎలెన్స్‌బర్గ్‌లో వెస్టర్న్ ఒరెగాన్ క్రీడాకారిణి సారా టచోల్‌స్కీ బంతిని కంచె దాటించింది. తాకకుండా వదిలేసిన ఫస్ట్ బేస్ కోసం వెనక్కి తిరగబోయి మోకాలి లిగమెంట్ తెంచుకుంది. బదులు రన్నర్ వస్తే సింగిల్‌గానే లెక్కిస్తామన్నారు అంపైర్లు. దాంతో ప్రత్యర్థి జట్టులోని మాలరీ హోల్ట్‌మన్, లిజ్ వాలెస్ ఆమెను ఎత్తుకుని, ఒక్కో బేస్‌కూ కాలు తాకిస్తూ తిప్పారు. ఎంత పెద్ద మనసు! కానీ కళాశాలల నిబంధన ప్రకారం ఆ అవసరమే లేదు. బదులు రన్నర్ మిగిలిన బేస్‌లను వరుసగా తాకితే సరిపోయేది.

దీన్ని అడ్డుపెట్టుకుని జట్లు గాయం నటించి వేగమైన రన్నర్‌ను దించవా అని కొందరి అభ్యంతరం. ఆగిన ఆటలో ఔట్ చేయడానికి బంతితో వెంటపడేవారుండరు, కాబట్టి అక్కడ వేగంతో పనే లేదు. బంతి ఆటలో ఉన్నప్పుడు మాత్రం అంపైర్ సాధారణంగా ఆ ఆట ముగిసేదాకా ఆగి, తర్వాతే మార్పును అనుమతిస్తాడు. తక్షణ చికిత్స అవసరమైన తీవ్ర గాయమైతే వెంటనే ఆపాలి. అప్పుడు రన్నర్లు ఏ బేస్ చేరేవారో అంచనా వేసి ఇచ్చే అధికారం అతనికి ఉంటుంది.