నోటిలోని జీవజలం

శ్రీకాకుళం జిల్లా టెక్కలి సమీపంలోని రావివలస ఎండల మల్లికార్జునస్వామి క్షేత్రంగా ప్రసిద్ధి పొందింది. అక్కడి శివలింగానికి పైకప్పు లేదు. ఎండకూ వానకూ వెరవక స్వామి ఆరుబయటనే కొలువై ఉంటాడు. రామాయణంలోని వైద్యుడు సుషేణుడు ఇక్కడ తపస్సు చేశాడని స్థలపురాణం చెబుతుంది. దేవుడికే ఎండ తప్పని ఆ సీమలో పొలాన చెమటోడ్చే మనిషికి దప్పికైనప్పుడు మొదట ఎండేది నోరు. నోటిలోని ఆ తడి కేవలం నీరు కాదు. అది పళ్ళనూ చిగుళ్ళనూ అహర్నిశలు కాపాడే లాలాజలం.

చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద జంటలుగా ఉండే ఆరు పెద్ద గ్రంథులూ, వందలాది చిన్న గ్రంథులూ కలిసి రోజుకు సుమారు అర లీటరు నుంచి ఒకటిన్నర లీటరు వరకు లాలాజలాన్ని స్రవిస్తాయి. అందులో దాదాపు 99 శాతం నీరే. దాని మహిమంతా మిగిలిన ఒక్క శాతంలో ఉంది. బైకార్బనేట్ ఆమ్లాలను విరుస్తుంది. కాల్షియం, ఫాస్ఫేట్ లవణాలు పంటి పైపొరను గట్టిపరుస్తాయి. లైసోజైమ్, లాక్టోఫెర్రిన్ అనే మాంసకృత్తులూ, ప్రతిరక్షకాలూ సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతాయి.

అయితే ఈ కూర్పులో సమతౌల్యం తప్పితే రక్షకమే భక్షకమవుతుంది. పళ్ళపై ఏర్పడే మెత్తని పాచిని ఎప్పటికప్పుడు తొలగించకపోతే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్‌లు అందులో పేరుకొని రాయిలా గట్టిపడతాయి. దీనినే గార అంటారు. గ్రంథుల నాళాలు తెరుచుకొనే చోట్ల, అంటే కింది ముందుపళ్ళ లోపలి వైపునా, పై దవడపళ్ళ బయటి వైపునా గార ఎక్కువగా పట్టడానికి కారణమిదే. గరుకైన గారపై పాచి మరింత చేరుతుంది. చిగుళ్ళు ఎర్రబడి, వాచి, తోముకొన్నప్పుడు రక్తం కారుతుంది. ఈ దశలో శుభ్రత పాటిస్తే చిగురు మళ్ళీ కోలుకుంటుంది. అశ్రద్ధ చేస్తే పంటిని పట్టి ఉంచే ఎముక కరిగి, పిప్పి లేని పన్ను సైతం కదిలి ఊడిపోతుంది. కరిగిన ఎముక తనంత తాను తిరిగి పెరగదు. సుశ్రుతసంహిత చిగుళ్ళకు సంబంధించిన వ్యాధులను 15గా లెక్కించింది. చిగుళ్ళు మెత్తబడి రక్తం కారే వ్యాధికి అందులో 'శీతాదం' అని పేరు.

నోటికీ ఒంటికీ గల సంబంధాన్ని గ్రహించడానికి రావివలస నుంచి ఉత్తరంగా ఉద్దానం వైపు చూడాలి. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కళకళలాడే ఆ సీమను మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తోంది. దాని మూలకారణం నిర్ద్వంద్వంగా తేలలేదు. మూత్రపిండాలు దెబ్బతింటే రక్తంలో యూరియా పెరుగుతుంది. దానితో పాటు లాలాజలంలోనూ పెరుగుతుంది. నోటిలోని కొన్ని సూక్ష్మజీవులు ఆ యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి. అందువల్లనే వ్యాధి ముదిరినవారి నోట ఒక ఘాటైన వాసన వస్తుంది. లాలాజలం క్షారగుణం పొందడంతో ఆమ్లాల బలం తగ్గుతుంది. కాని కాల్షియం లవణాలు త్వరగా గడ్డకట్టి గార పెరుగుతుంది. పంటికి కొంత మేలు చేసిన మార్పే చిగురుకు కీడు చేస్తుంది. డయాలసిస్ పొందేవారు నీరు పరిమితంగా తాగవలసి రావడం వల్ల నోరు ఎండిపోయి బాధ రెట్టింపవుతుంది.

ఇక చిగుళ్ళ వాపు నోటితో ఆగదు. పుండుపడిన చిగుళ్ళ గుండా సూక్ష్మజీవులు రక్తంలో ప్రవేశించగలవు. మూత్రపిండం మార్పిడికి ముందు నోటిని పరీక్షించి వ్యాధులను నయం చేయడం అందుకే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమూ, 200 పడకల ఆసుపత్రీ ప్రారంభమయ్యాయి. మూత్రపిండాల వ్యాధి తొలిదశలో లక్షణాలు దాదాపు కనిపించవు. కాబట్టి నోటి వాసన కోసం ఎదురుచూడక రక్త, మూత్ర పరీక్షలు చేయించుకోవడమే వివేకం.

ఈ తీరప్రాంతంలో కొందరు స్త్రీలు చుట్ట నిప్పుకొసను నోటిలో ఉంచుకొని పీల్చే 'అడ్డపొగ' అలవాటు అంగిలికి క్యాన్సర్ ముప్పు తెస్తుంది. పొగతాగేవారి చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా కారుతుంది. దానిని ఆరోగ్యమని భ్రమించరాదు. పందుంపుల్లతోనైనా బ్రష్షుతోనైనా చిగురు ఒరుసుకుపోకుండా ఉదయమూ రాత్రీ తోముకోవాలి. గట్టిపడిన గారను దంతవైద్యుడే తొలగించాలి. వైద్యుడు వద్దనని వారు ఎండలో పనిచేసేటప్పుడు తగినంత నీరు తాగాలి.

నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలు మాటతీరును గురించి చెప్పారు. నోటి ఆరోగ్యానికీ ఆ మాట వర్తిస్తుంది. చిగురు కార్చే రక్తం చిన్న సంగతిగా తోచవచ్చు. దానిని సకాలంలో పట్టించుకొన్నవారు పళ్ళనే కాక ఒంటినీ కాపాడుకొన్నవారవుతారు.