పౌడర్ డబ్బా కంటే ముందు పప్పు గిన్నె

2019 యూఎస్ ఓపెన్ ఫైనల్లో సెరెనా విలియమ్స్‌ను ఓడించిన బియాంకా ఆండ్రీస్కూ పుట్టింది కెనడాలోని మిస్సిసాగాలో. గెలిచేనాటికి ఆమెకు 19 ఏళ్లు. ఆ ఊళ్లో మన తెలుగువాళ్లూ పిల్లల్ని టెన్నిస్‌కో బ్యాడ్మింటన్‌కో పంపుతున్నారు. తామూ వారాంతాల్లో క్రికెట్ ఆడుతున్నారు, లేక్ ఒంటారియో ఒడ్డున పరుగు తీస్తున్నారు. బూట్లకూ కోచింగ్‌కూ ఖర్చుకు వెనకాడరు. తిండి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఓ ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనేసి పనైపోయిందనుకుంటారు.

ముందు లెక్క వేయండి. గట్టిగా సాధన చేసేవారికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ కావాలని కెనడా డైటీషియన్ల సంఘం, రెండు అమెరికా సంస్థలతో కలిసి 2016లో చెప్పింది. 70 కిలోల మనిషికి కనీసం 84 గ్రాములు. (ఆదివారం మాత్రమే బ్యాటు పట్టేవారు గట్టిగా సాధన చేసేవారి కింద రారు, ఏమీ అనుకోకండి.)

ఇప్పుడు మీ కంచం చూడండి. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో ప్రొటీన్ 22 గ్రాముల దాకా ఉంటుంది. పల్చటి పప్పుగా మన వంతుకు వచ్చేది అందులో మూడో వంతు ఉంటే గొప్ప. ‘రోజూ పప్పు తింటాం కదా’ అనే ధీమా అక్కడే బెడిసికొడుతుంది. పప్పు ముద్దగా వండండి, అన్నం తగ్గించి ఇంకో గరిటె వేసుకోండి. రెండు గుడ్లు 12 గ్రాములిస్తాయి, కప్పు పెరుగు ఎనిమిదో తొమ్మిదో. సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలు. మాంసాహారులకు చేప, కోడి ఉండనే ఉన్నాయి. మసూర్ పప్పును ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా ఎగుమతి చేసేది కెనడాయే. నానబెట్టే పని లేదు, ఆఫీసు నుంచి వచ్చాక పొయ్యి మీద పెట్టినా త్వరగా ఉడుకుతుంది.

కెనడా ప్రభుత్వ ఆహార మార్గదర్శిని పళ్లెంలో సగం కూరగాయలు, పళ్లు ఉండాలంటుంది. పావు భాగం ప్రొటీన్, మిగతా పావు పొట్టు తీయని ధాన్యాలు. మనం అన్నానికే ముప్పావు ఇచ్చేసి, కూరను నంజుకుంటాం!

ప్యాకెట్ తిండి సంగతి వేరు. 2019లో అమెరికాలో 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, మరో రెండు వారాలు సహజమైన తిండి, ఎంత కావాలంటే అంత పెట్టి చూశారు. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు సమానమే. అయినా ఫ్యాక్టరీ తిండి ఉన్న రోజుల్లో సగటున రోజుకు 500 కేలరీలు అదనంగా తిన్నారు. ఉప్పు, చక్కెర, సంతృప్త కొవ్వు మోతాదు మించిన ప్యాకెట్లపై భూతద్దం గుర్తు ఉండాలన్న నిబంధన కెనడాలో 2026 జనవరి 1 నుంచి తప్పనిసరైంది. మిక్స్చర్ ప్యాకెట్టు కొనేటప్పుడూ ఆ గుర్తు వెతకండి.

ఒక్క మినహాయింపు. పోటీ రోజు పొద్దున రాగిసంకటి, శనగలు వద్దు. పీచు ఎక్కువైతే పరుగులో కడుపు ఇబ్బంది పెడుతుంది. మూడు గంటల ముందు తెల్లన్నం, పెరుగు, కాస్త ఉప్పు. బయల్దేరే ముందు ఒక అరటిపండు. కొత్త ప్రయోగాలన్నీ సాధన రోజుల్లోనే చేయండి.

ఈసారి సరుకులకు వెళ్లినప్పుడు పప్పులు, గుడ్లు, పెరుగు, ఆకుకూరలు ముందు బుట్టలో వేయండి. నెల తర్వాత మళ్లీ లెక్క చూసుకోండి. అప్పటికీ లోటుంటే పౌడర్ కొనండి.