తుపాకీ చెయ్యలేని పని

ఆఫ్రికా ఖండంలో లైబీరియా అనే చిన్న దేశం ఉంది. 1989లో అక్కడ సొంతవాళ్ల మధ్యే యుద్ధం మొదలైంది. నడుమ కొన్నాళ్లు ఆగినా, 2003 దాకా పీడించింది. రెండు లక్షలకు పైగా జనం చనిపోయారు. రాజధాని మన్రోవియాలో కరెంటు పోయింది. కుళాయి నీళ్లు ఆగిపోయాయి.

అప్పుడు ఆడవాళ్లు కదిలారు. తెల్లబట్టలు కట్టుకుని ఎండలో, వానలో కూర్చున్నారు. శాంతి కావాలని పట్టుబట్టారు. 2003లో యుద్ధం ఆగింది. 2005 ఎన్నికల్లో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ అనే మహిళ గెలిచి, దేశాధ్యక్షురాలు అయ్యింది.

యుద్ధం ఆగింది గాని భయం పోలేదు. చీకటి పడితే ఆడవాళ్లు గడప దాటడానికి జంకేవారు. 2007లో ఐక్యరాజ్యసమితి తరఫున మన దేశం నుంచి వందమందికి పైగా మహిళా జవాన్లు అక్కడికి వెళ్లారు. వీళ్లు సి.ఆర్.పి.ఎఫ్. పోలీసులు. తుపాకీ పట్టుకుని రాత్రిళ్లు వీధుల్లో గస్తీ తిరిగారు.

గస్తీ తిరిగే జవానుకు ఒక సంగతి తెలుస్తుంది. తుపాకీ దొంగను ఆపుతుంది. బడి కట్టలేదు, పొలం దున్నలేదు. ఆ పని ఊరివాళ్లదే. కాని భయం ఉన్నచోట ఎవరికీ పని సాగదు. ఆ భయం పోగొట్టడమే జవాను పని.

అందుకే వాళ్లు ఆడపిల్లలకు ఆత్మరక్షణ కూడా నేర్పారు. వాళ్లను చూసి అక్కడి ఆడవాళ్లు "మనమూ చెయ్యగలం" అనుకున్నారు. పోలీసు ఉద్యోగాల్లో చేరారు. 2016లో మన జవాన్లు తిరిగి వచ్చేనాటికి అక్కడి పోలీసుల్లో ఆడవాళ్లు పెరిగారు.

ఆలోచించండి: మీ ఊళ్లో చీకటి పడ్డాక ఆడవాళ్లు భయం లేకుండా తిరగాలంటే ఏం చెయ్యాలి? నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి.