ముందు నీళ్లు, తర్వాత నారు

నకరికల్లు

అమ్మడూ,

మ్యాజిక్ ది గ్యాదరింగ్ కార్డుల టోర్నమెంటుకి మూడు రంగుల కట్ట కడుతున్నానని ఫోన్లో చెప్పావు. సంక్రాంతికి వచ్చినప్పుడు మంచం మీద దుప్పటి పరుచుకుని మనం ఆడిన ఆట గుర్తుందా? నీ చేతిలో నాలుగు ఎర్ర ముక్కలు. ముందు పరిచినవి మూడు ఐలాండ్లు, ఒక ఫారెస్టు. ఎర్ర ముక్కలు వేయడానికి కావలసిన మౌంటెన్ ఒక్కటీ పడలేదు. ఆ నాలుగు ముక్కలూ చేతిలోనే ఉండగా ఓడిపోయి, "లక్ బాలేదు తాతయ్యా" అన్నావు. ఆ రాత్రే కాగితం తీసుకుని కూర్చున్నాను. తప్పంతా కట్ట కట్టడంలోనే ఉంది తల్లీ.

1993లో ఈ ఆటని తయారుచేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ గణితంలో డాక్టరేట్ చేసినవాడు. లెక్కలు చెప్పి రిటైరైన నాకు ఈ ఆట మీద గౌరవం అందుకే. ఆయన దాచిన లెక్క ల్యాండ్లలో, అంటే మిగతా ముక్కలు వేయడానికి రంగుల శక్తినిచ్చే ఐలాండ్, ఫారెస్టు, మౌంటెన్ లాంటి ముక్కల్లో ఉంది.

కట్టకి 60 ముక్కలు, అందులో 24 ల్యాండ్లు అనుకో. నువ్వు చేసినట్టు మూడు రంగులకీ ఎనిమిదేసి పంచితే, ముందు ఆడేవాళ్లు మూడో వంతుకి 9 ముక్కలు చూస్తారు. ఆ తొమ్మిదిలో మూడు రంగుల ల్యాండ్లూ ఉండే అవకాశం 39 శాతం. నూరాటల్లో అరవై ఒకటి ఏదో ఒక రంగు కోసం ఎదురుచూడటమే! రెండు రంగులే పెట్టుకుని, రెండూ ఇచ్చే ల్యాండ్లు 8, ఒక్కో రంగుకి మామూలువి 8 వేసి చూడు. అవే 9 ముక్కల్లో రెండు రంగులూ దొరికే అవకాశం 91 శాతానికి లేస్తుంది. ల్యాండ్లు అవే 24.

మన ఊరి పక్కన పారే సాగర్ కుడికాలువ నీకు తెలుసుగా. కాలువకి నీళ్లు ఎప్పుడొదులుతారో తెలుసుకోకుండా ఇక్కడ ఎవరూ మిరప నారు పోయరు. ఈ ఆటలో ల్యాండ్లే నీళ్లు. నువ్వేమో ముందు నచ్చిన ముక్కలన్నీ ఏరుకుని, మిగిలిన చోట ల్యాండ్లు సర్దుతున్నావు. వరస తిరగెయ్యి.

మూడో రంగు వద్దనను. నీ రెండు రంగులకీ చేతకాని పని ఏదైనా ఉంటే, ఆ పని చేసే ముక్కలు మూడో నాలుగో తెచ్చుకో, అంతే. వాటిని వేయడానికి అడిగే ఆ రంగు గుర్తు ఒక్కటే ఉండాలి. రెండు గుర్తులున్నది ఎంత గొప్పదైనా పక్కన పెట్టెయ్యి. మొదటి రెండు వంతుల్లో వేయాల్సిన ముక్క కూడా మూడో రంగులో ఉండకూడదు. ఆట ముదిరాక పనికొచ్చేదైతే ల్యాండ్ వచ్చేదాకా ఆగగలవు.

రెండు రంగులిచ్చే ల్యాండ్లూ ఊరికే రావు. 2005లో రావ్నికా అనే కార్డుల సెట్‌తో వచ్చినవి చూడు: 20 ప్రాణాల్లో రెండు వదులుకోవాలి, లేదంటే ఆ వంతుకి వాడుకోవడానికి వీల్లేకుండా అది పడుకునే వస్తుంది. దూకుడుగా ఆడే ప్రత్యర్థి ముందు ఆ రెండు ప్రాణాలూ చిన్నవి కావు. అలాంటివి ఎన్ని భరించగలవో ఆడి తెలుసుకోవాల్సిందే.

కొత్త ముక్కలు కొనకముందే ఒక పని చెయ్యి. కట్ట బాగా కలిపి ఏడు తియ్యి. ఆడదగ్గ చెయ్యా కాదా, ఏ రంగు రాలేదు, నోటుపుస్తకంలో రాయి. మళ్లీ కలుపు. నూరుసార్లు. విసుగొస్తుంది, అయినా మానకు. టోర్నమెంటు బల్ల దగ్గర ఆ చేతిని ఉంచుకోవాలా, మార్చుకోవాలా అని తేల్చుకోవాల్సింది నువ్వే. మార్చితే మళ్లీ ఏడు తీసి ఒకటి కట్ట అడుక్కి పెట్టాలి. ఈ నూరు చేతులూ చూసినదానివైతే అక్కడ తడబడవు.

దసరాకి వచ్చేటప్పుడు ఆ నోటుపుస్తకం తెచ్చుకో. మంచం, దుప్పటి సిద్ధంగా ఉంటాయి.

మీ తాతయ్య