ఆచార్యా – ఆచార్యానీ: అరబ్బీ ఉన్నతవిద్యలో స్త్రీల అధికారం

సంస్కృత వ్యాకరణం ఆచార్యుని భార్యను ‘ఆచార్యానీ’ అనీ, స్వయంగా బోధించే స్త్రీని ‘ఆచార్యా’ అనీ వేరుపరచింది. మొదటి పదంలో గౌరవం సంబంధం వల్లను, రెండవదానిలో విద్య వల్లను సిద్ధిస్తున్నది. ఈ భేదాన్ని ప్రమాణంగా గ్రహించి, మరొక ప్రాచ్యభాష అయిన అరబ్బీ ఉన్నతవిద్యలో స్త్రీలు వహించిన నాయకత్వాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

అరబ్బీ సంప్రదాయంలో శిష్యుడు గ్రంథాన్ని గురుముఖతః విని, దానిని బోధించడానికి ‘ఇజాజా’ అనే అనుమతిని పొందేవాడు. క్రీ.శ. 11వ శతాబ్దిలో మక్కాలో కరీమా అల్-మర్వజియ్యా బుఖారీ హదీసు సంకలనాన్ని బోధించింది. సుప్రసిద్ధ పండితుడు ఖతీబ్ అల్-బగ్దాదీ ఆమె వద్ద దానిని విన్నాడు. ఇచ్చట అధికారం గ్రంథాన్ని ఆశ్రయించినదే కాని పదవిని ఆశ్రయించినది కాదు.

ఆధునిక విశ్వవిద్యాలయంలో అధికారం పదవిగా మారింది. దానిని స్త్రీలు మరల సాధించుకోవలసి వచ్చింది. సుహైర్ అల్-కలమావీ 1929లో కైరో విశ్వవిద్యాలయంలో విద్యార్థినిగా చేరి, తాహా హుసేన్ పర్యవేక్షణలో ‘వెయ్యిన్నొక్క రాత్రులు’ కథలపై పరిశోధించి, 1941లో డాక్టరేటు పొందింది. 1958లో అరబ్బీ శాఖాధ్యక్షురాలైంది. విద్యార్థిని స్థానం నుండి అధ్యక్షపీఠానికి ఇరువది తొమ్మిదేళ్లు పట్టిందన్నమాట. ‘బింత్ అల్-షాతీ’ (తీరపుత్రిక) అనే కలంపేరు గల ఆయిషా అబ్దుల్ రహ్మాన్ అల్-మఅర్రీ రచనను పరిష్కరించి ప్రకటించింది. ఖుర్ఆనుకు సాహిత్యదృష్టితో వ్యాఖ్య రచించింది.

తెలుగునాట ఈ విద్యకు ప్రధానస్థానం హైదరాబాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. 1924లో ఆరంభమై తరువాత కోఠికి చేరిన మహిళా కళాశాల స్త్రీల ఉన్నతవిద్యకు ద్వారం తెరిచింది. 1888లో నెలకొన్న దాయిరతుల్ మారిఫ్ అరబ్బీ వ్రాతప్రతులను సరిపోల్చి, శుద్ధప్రతులను ప్రకటించడంలో ఖ్యాతి గడించింది. అట్టి సంస్థకు నిర్దేశకత్వం వహించినవారిలో అరబ్బీ ఆచార్యురాలు మెహజబీన్ అఖ్తర్ ఒకరు. ఏ పాఠం శుద్ధమో నిర్ణయించే సంస్థకు స్త్రీ అధిపతి కావడం గమనార్హం. తెలుగులో ఇందుకు సమాంతరంగా, ఉస్మానియాలో తెలుగు ఆచార్యురాలైన నాయని కృష్ణకుమారి తెలుగు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షపదవిని అలంకరించడాన్ని పేర్కొనవచ్చును.

పై ఉదాహరణల వల్ల భాషావిద్యలో నాయకత్వం త్రివిధమని తేలుతున్నది: పాఠ్యనిర్ణయం, పరిశోధన పర్యవేక్షణ, గ్రంథపరిష్కరణ. తరగతిలో స్త్రీల సంఖ్య పెరిగినంత మాత్రాన ఈ మూడూ సిద్ధించవు. ఏది చదవాలో ఇతరులు నిర్ణయించగా చదివేవారు ఎందరున్నా విద్యార్థినులే. పెంటపాడు వంటి గోదావరి సీమ గ్రామాల నుండి సంస్కృతాంధ్రాలు అభ్యసించవచ్చే బాలికల విషయంలోనూ ప్రశ్న ఇదియే. వారికి వ్రాతప్రతి పఠనం, పాఠపరిష్కరణ పద్ధతి పట్టాతో పాటు నేర్పిననాడే ‘ఆచార్యా’ శబ్దం వ్యాకరణోదాహరణగా మిగిలిపోక సార్థకమవుతుంది.