పెద్దల వైద్యము – పిల్లల దేహరక్షణము

పూర్వము మన నల్లగొండ, మహబూబునగరు జిల్లాలయందు వైద్యశాలలు దూరముగా నుండెడివి. అందుచే తల్లులును, మంత్రసానులును, మూలికల నెరిగిన వృద్ధులును ఇంటనే చికిత్స చేయుచుండిరి. ఆ వైద్యమున రోగము వచ్చిన పిదప ఇచ్చెడి మందుకంటె, ప్రతిదినము చేసికొనెడి దేహరక్షణమే యెక్కువ విలువ గలదని మా యభిప్రాయము. అయినను దాని మేర యెంతవరకో విద్యార్థులు తెలిసికొనవలెను.

నారికురుపు పేరు నేటి బాలురకు తెలియదు. తాతల నడిగినచో చెప్పుదురు. దిగుడుబావుల నీటిలోని సూక్ష్మజీవుల మూలమున ఆ పురుగు కడుపున ప్రవేశించి, సుమారు ఏడాదికి కాలి చర్మమును చీల్చుకొని వెలువడెడిది. పెద్దలు దానిని ఒక్కమారుగా లాగక, సన్నని పుల్లకు చుట్టి దినదినము కొంచెము కొంచెముగా తీసెడివారు. తెగినచో కాలు వాచి చీము పట్టును. ఆ పురుగును చంపు మందు నేటికిని లేదు. వైద్యులును ఆ పుల్లపద్ధతినే అవలంబింతురు. కాని పుల్ల రోగిని బాగుచేసినదే గాని బావిని బాగుచేయలేదు. పురుగు వెడలుచున్న కాలితో నీట దిగరాదనియు, నీటిని దట్టమైన గుడ్డతో వడగట్టి త్రాగవలెననియు ఇంటింట బోధించి, గొట్టపుబావులు వేయించిన పిమ్మటనే వ్యాధి తొలగెను. భారతదేశమున కడపటి రోగి 1996లో కనబడెను. 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మన దేశమును నారికురుపు లేని దేశముగా ధ్రువపరచెను.

అయితే లోతుబావుల నీటితో నల్లగొండకు మునుపే యున్న మరియొక కష్టము హెచ్చినది. అది ఫ్లోరైడు. లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయము. పండ్లపై గోధుమవన్నె మరకలున్న పిల్లలను “నీవు పండ్లు తోముకొనవా?” యని మందలించు పెద్దలు కలరు. ఇది అన్యాయము. ఆ మరక మురికి కాదు. ఇంచుమించు ఎనిమిదేండ్లలోపు, పంటి పింగాణి యేర్పడు కాలమున, అట్టి నీరు త్రాగుటచే కలిగినది. వేపపుల్ల, కానుగపుల్ల మంచివే. కాని యెంత తోమినను ఈ మరక పోదు. ఇటుకపొడితో రుద్దినచో పన్ను అరుగును. బురదనీటిని చిల్లగింజ అరగదీసి తేర్చుట మన పెద్దల నేర్పు. తేటనీటియందును ఫ్లోరైడు ఉండవచ్చును. దానికి రంగు లేదు, రుచి లేదు. నాగపురపు శాస్త్రజ్ఞులు 1970ల దశకమున పటికను, సున్నమును కలిపి దానిని తగ్గించు పద్ధతిని రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతి యని పేరు. టాంజానియాలోనూ ఆ పేరుతోనే యెరుగుదురు.

ఇక స్నానము. వావిలాకు వేసి కాచిన నీటితో బాలింతకు స్నానము చేయించుట మన ఆచారము. సముద్రముల కావల గ్వాటిమాలాలోని మాయా జాతి మంత్రసానులును బాలింతను చిన్న గదిలో కూర్చుండబెట్టి, కాగిన రాళ్లపై నీరు చల్లి ఆవిరిస్నానము చేయింతురు. ఇందు వేడిమియే గాక విశ్రాంతియు, ఆప్తురాలి చేతిసేవయు కలవు. వీనిని ఏ సీసామందును ఇయ్యజాలదు. కాని తలుపులు మూసి మంచము క్రింద బొగ్గుకుంపటి పెట్టుట ప్రాణాపాయము. ఆ విషవాయువునకు వాసనయైన లేదు. మాయా వారి ఆవిరిగదులలోను ఈ భయము కలదు.

పసిబిడ్డకు పసరికలు వచ్చిన వాతలు పెట్టుట మాత్రము మనము పూర్తిగా విడువవలసినది. దానిచే రోగము తగ్గదు, పుండు మిగులును. పాముకాటునకును అట్లే: అమ్రాబాదు అడవిలో నైనను, ఊరిలో నైనను వేరు నూరి కాలము గడపక, కరచిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.